చందానా? వాటానా? ప్రకాశం పంతులు గారి డబ్బు కథ

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు అమ్ముడుపోయాక రైతు చేతికి ఒక కాగితం వస్తుంది. తక్‌పట్టీ అంటారు. తూకం ఎంత, క్వింటా ధర ఎంత, కమీషన్ ఎంత, హమాలీ ఎంత, అన్నీ పోను మిగిలింది ఎంత, అంతా అందులో ఉంటుంది. ధర నచ్చక రైతు తిట్టుకోవచ్చు. కానీ తన డబ్బు ఏ పేరు మీద ఎక్కడికి పోయిందో ఆ కాగితం చూస్తే తెలిసిపోతుంది.

ఇదే నేలలో పుట్టి, లక్షలు సంపాదించి, అన్నీ పోగొట్టుకుని, రెండుసార్లు ముఖ్యమంత్రి కుర్చీలో కూర్చుని, చివరికి ఆస్తంటూ లేకుండా వెళ్ళిపోయిన మనిషి టంగుటూరి ప్రకాశం పంతులు గారు. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో తుపాకీకి గుండె చూపించిన ఆంధ్రకేసరిగా ఆయన మనందరికీ తెలుసు. స్కూల్లో అదే చదివాం, ఏకపాత్రాభినయం పోటీల్లో కూడా అదే చేశాం. ఆ గుండె సంగతి ఇక్కడ ఎక్కువగా చెప్పబోవడం లేదు. ఆయన జేబు సంగతి చెప్పుకుందాం. అందులోకి డబ్బు ఎలా వచ్చింది, ఎలా పోయింది, ఇచ్చినవాళ్ళు ఏమనుకుని ఇచ్చారు అన్నది చూద్దాం. ఎందుకంటే రేపు మనలో కొందరు స్టార్టప్ పెడతాం, ఇంకొందరు ఫ్రెండు స్టార్టప్‌లో డబ్బు పెడతాం. ప్రకాశం గారి కథ ఆ రెండు రకాల వాళ్ళకీ పనికొస్తుంది.

మూడు రూపాయల ఫీజు

ప్రకాశం గారు 1872 ఆగస్టు 23న ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టారు. అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడ్డాక అందులో కలిసింది. తండ్రి గోపాలకృష్ణయ్య, తల్లి సుబ్బమ్మ. ఆయనకి పదకొండేళ్ళప్పుడు తండ్రి పోయారు. ఇంటినిండా పిల్లలు, చేతిలో ఏమీ లేదు. ఆ తల్లి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు పెట్టింది. అంటే డబ్బు తీసుకుని పూటకింత భోజనం పెట్టే ఇల్లు. ఆ రోజుల్లో ఆ వృత్తికి గౌరవం తక్కువ, చాకిరీ ఎక్కువ. అయినా సుబ్బమ్మ గారు దాంతోనే పిల్లల్ని పెంచారు.

ఒకసారి పరీక్ష ఫీజుకి మూడు రూపాయలు కావాల్సొచ్చింది. ప్రకాశం గారు డబ్బు కోసం అద్దంకిలో బావగారి ఇంటికి నడిచి వెళ్ళారు. కాళ్ళు బొబ్బలెక్కాయి కానీ డబ్బు దొరకలేదు. చివరికి తల్లి తన పట్టుచీర తాకట్టు పెట్టి ఫీజు కట్టింది. మూడు రూపాయలు ఒక మనిషి దారిని ఎలా మార్చేస్తాయో ఆయనకి అప్పుడే తెలిసుంటుంది.

ఆ తరవాత ఆయన్ని ఆదుకున్నది మాస్టారు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారు. ఒంగోలు మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పేవారు, నాటకాలంటే ప్రాణం. ఆయన రాజమండ్రి వెళ్తూ ఈ కుర్రాణ్ణి కూడా తీసుకెళ్ళి చదివించారు. ప్రకాశం గారు నాటకాల్లో వేషాలు వేశారు, ఊళ్ళో అల్లరి చేశారు, మధ్యలో చదివారు, చివరికి ప్లీడరు అయ్యారు. ఇక్కడ ఒక సంగతి గమనించండి. తన చదువు మొత్తం వేరేవాళ్ళ డబ్బుతో నడిచింది. ఆ డబ్బుకి నోటు లేదు, వడ్డీ లేదు, లెక్క లేదు. ప్రేమ ఉన్నచోట లెక్క ఎందుకులే అనే అలవాటు ఆయనకి చిన్నప్పుడే ఏర్పడిందని నాకు అనిపిస్తుంది. అది ఆయన బలం, ఆయన బలహీనత కూడా.

లక్షలు వచ్చిన పదిహేనేళ్ళు

రాజమండ్రిలో ప్రాక్టీసు బాగా సాగింది. 1904లో మునిసిపల్ చైర్మన్ కూడా అయ్యారు. కానీ సెకండ్ గ్రేడ్ ప్లీడర్లకి హైకోర్టులో వాదించే హక్కు లేదు. బారిస్టర్ అయితే ఆ అడ్డం తొలుగుతుంది. అదే ఏడాది ఇంగ్లండు వెళ్ళి, 1907లో బారిస్టర్‌గా తిరిగొచ్చి, మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు పెట్టారు.

అప్పట్లో ఆ హైకోర్టులో పేరున్న లాయర్లలో తెలుగువాళ్ళు బాగా తక్కువ. ప్రకాశం గారు ఆ కొద్దిమందిలో ఒకరయ్యారు. సివిల్, క్రిమినల్ కేసులు రెండూ పట్టారు. తిరునల్వేలి కలెక్టర్ ఆష్ హత్య కేసులో ఒక ముద్దాయి తరఫున వాదించారు. లా టైమ్స్ అనే న్యాయ పత్రిక నడిపారు. పూటకూళ్ళ ఇంటి కుర్రాడు లక్షలు సంపాదించాడు, ఆస్తులు కొన్నాడు.

1921లో గాంధీగారి సహాయ నిరాకరణ పిలుపు వచ్చింది. ప్రకాశం గారు ప్రాక్టీసు వదిలేశారు. అప్పటికి ఆయనకి నలభై తొమ్మిదేళ్ళు. ఆదాయం ఇంకా పెరుగుతున్న వయసు. ఈ రోజుల్లో చెప్పాలంటే, పెద్ద ప్యాకేజీ ఉన్న సీనియర్ పార్ట్‌నర్ ఒక్కరోజులో రాజీనామా చేసి బయటికి వచ్చేయడం. అదే కాలంలో మలబారులో మాప్పిళ్ళ తిరుగుబాటు జరిగిన చోట్లకి హెచ్చరికల్ని లెక్కచెయ్యకుండా వెళ్ళినందుకు ఊటీలో ఉన్న ఆయన ఆస్తిని ప్రభుత్వం జప్తు చేసింది. మిగిలినదంతా ఆయనే తన చేతులతో ఒక పని మీద పెట్టేశారు. ఆ పని పేరు స్వరాజ్య.

స్వరాజ్య అనే కంపెనీ

1921 అక్టోబరు 29న మద్రాసులో స్వరాజ్య ఇంగ్లీషు దినపత్రిక మొదలైంది. తెలుగు, తమిళ పత్రికలు కూడా వచ్చాయి. ఒక పార్టీ ఉద్యమానికి ఒక పత్రిక కావాలి, అది కూడా మూడు భాషల్లో కావాలి అనుకోవడం ఆ రోజులకి చాలా పెద్ద ఆలోచన.

ఆ ఏడాది మన ప్రాంతం ఎలా ఉందో ఊహించుకోండి. చీరాల, పేరాల జనం మునిసిపాలిటీ పన్ను కట్టమని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెనక ఇళ్ళు వదిలేసి ఊరి బయట రామ్‌నగర్‌లో పాకల్లో పదకొండు నెలలు ఉన్నారు. పెదనందిపాడు ఫిర్కాలో రైతులు శిస్తు కట్టడం ఆపేశారు. ఇలాంటి రోజుల్లో ప్రకాశం గారు ఊరూరా తిరిగి పత్రికకి డబ్బు అడిగితే ఎవరు కాదంటారు? ప్లీడర్లు, కాస్త కలిగిన రైతులు, వర్తకులు స్వరాజ్య వాటాలు కొన్నారు.

అసలు చిక్కు ఇక్కడే మొదలైంది. వాళ్ళు కొన్నది ఏమిటి? కాగితం మీద చూస్తే అది కంపెనీ వాటా. వాటా అంటే లాభం వస్తే డివిడెండు, నష్టం వస్తే పోగొట్టుకోవడం. కంపెనీ మూతపడితే అప్పులవాళ్ళకి, జీతగాళ్ళకి ఇచ్చాక ఏమైనా మిగిలితేనే వాటాదారుకి. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. కానీ ఆ వాటా కొన్న పెద్దమనిషి మనసులో అది దేశం కోసం ఇచ్చిన చందా. ప్రకాశం గారి మనసులోనూ దాదాపు అదే. అమ్మినవారు చందాలా తీసుకున్నారు, కొన్నవారు చందాలా ఇచ్చారు, రసీదు మీద మాత్రం వాటా అని ఉంది. బండి నడుస్తున్నంతకాలం ఈ తేడా ఎవరికీ కనపడలేదు.

పత్రిక మాత్రం గొప్పగానే వచ్చింది. ఖాసా సుబ్బారావు, చీరాలలో పుట్టిన కోటంరాజు రామారావు లాంటివాళ్ళు అక్కడ పనిచేశారు. ఆ రామారావు గారే తరవాత లక్నోలో నేషనల్ హెరాల్డ్‌కి మొదటి ఎడిటర్ అయ్యారు. దేశంలో పెద్ద పెద్ద పత్రికలు నడిపిన చాలామందికి స్వరాజ్య ఒక ట్రెయినింగ్ కాలేజీ. కాకపోతే ఆ కాలేజీలో జీతాలు నెలనెలా అందేవి కావు. ఉన్ననాడు పంచుకునేవారు, లేనినాడు సర్దుకునేవారు. జీతం రాని ఉద్యోగి కూడా ఒక రకంగా పెట్టుబడిదారే. ఆయన పెట్టింది డబ్బు కాదు, నెలలు. దానికి వాటా కాగితం కూడా ఉండదు.

ఎందుకు నిలబడలేదు? దినపత్రిక లెక్క మామూలు వస్తువు లెక్క లాంటిది కాదు. కాపీ అమ్మితే వచ్చే డబ్బు కాగితం, అచ్చు, పోస్టు ఖర్చులకే చాలదు. ఆ లోటు ప్రకటనలు పూడ్చాలి. స్వరాజ్యకి సర్కారు ప్రకటనలు వచ్చే దారి లేదు. తెల్లవాళ్ళ కంపెనీలు ఎలాగూ ఇవ్వవు. విదేశీ బట్ట కొనొద్దని రోజూ రాసే పత్రికకి ఆ బట్ట అమ్మే కొట్టువాడు ప్రకటన ఎందుకిస్తాడు? అంటే పత్రిక తన నీతికి తానే రోజూ ఖరీదు కడుతోంది. దానికి తోడు అదే ఊళ్ళో హిందూ లాంటి వేళ్ళూనిన పత్రిక ఉంది. 1932లో ఇండియన్ ఎక్స్‌ప్రెస్ కూడా వచ్చింది. ఎడిటరు ప్రకాశం గారేమో ఒక నెల జైల్లో, ఒక నెల రైల్లో. 1926లో కేంద్ర శాసనసభకి ఎన్నికయ్యారు, 1930లో దానికి రాజీనామా చేసి ఉప్పు సత్యాగ్రహంలో దిగి జైలుకెళ్ళారు. మేనేజ్‌మెంట్ చూసే తీరిక ఆయనకెక్కడిది?

1930ల మధ్యకొచ్చేసరికి స్వరాజ్య ఆగిపోయింది. ప్రకాశం గారి లక్షలు పోయాయి. వాటాదారుల డబ్బూ పోయింది. ఆయన అందులోంచి ఒక్క మేడ కట్టుకోలేదు. అందరికంటే ఎక్కువ పోగొట్టుకున్నది ఆయనే.

పక్కనే ఇంకో పత్రిక

ఇక్కడ ఇంకో తెలుగాయన్ని కూడా చూడాలి. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు. ఆయనా కాంగ్రెస్ మనిషే, ఆయనా జైలుకెళ్ళారు, ఆయనా మద్రాసులోనే పత్రిక నడిపారు. కానీ ఆయన దారి వేరు. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. సంగీత కచేరీలకి వచ్చినవాళ్ళకి ఊరికే పంచి అలవాటు చేశారు. ఇప్పుడు మనం ఫ్రీ ట్రయల్ అంటున్నామే, అదే. ఆ బామ్ లాభం మీద 1908లో ఆంధ్రపత్రిక వారపత్రికగా మొదలైంది. 1914లో మద్రాసు వచ్చి దినపత్రిక అయింది. 1924 నుంచి భారతి వచ్చింది. పత్రికకి నష్టం వస్తే భరించడానికి వెనక తలనొప్పి మందు ఉంది. ఆ పత్రిక 1991 దాకా బతికింది.

ఇద్దరిలో ఎవరు గొప్ప అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. నాగేశ్వరరావు గారి డబ్బు మీద పేర్లు స్పష్టంగా ఉన్నాయి. బామ్ సీసా కొన్నవాడికి బామ్ దొరికింది. బాకీ తీరిపోయింది. లాభం ఆయన సొంతం. దాన్ని దానం చేసినా, పత్రికలో పోసినా, పోగొట్టుకున్నా పోయేది తన సొమ్మే. ప్రకాశం గారి దగ్గర సొంత డబ్బు, వాటాదారు డబ్బు, ఉద్యోగి జీతం, జనం అభిమానం అన్నీ ఒకే కుండలో పడ్డాయి. కుండ పగిలినప్పుడు ఏది ఎవరిదో వేరు చెయ్యడానికి వీల్లేకపోయింది.

సన్మాన నిధులు

ఈ కలగాపులగం ఇంకోసారి ఆయనకి గట్టిగా అడ్డొచ్చింది. 1937లో రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రిగా జమీందారీ విచారణ సంఘానికి అధ్యక్షత వహించి పేరు తెచ్చుకున్నారు. క్విట్ ఇండియాలో జైలుకెళ్ళి మూడేళ్ళ తరవాత 1945లో బయటికొచ్చారు. డెబ్బై దాటిన వయసు. ఊరూరా సభలు, పూలదండలు. సభల్లో జనం డబ్బు పోగుచేసి పర్సులు సమర్పించేవారు. ఆస్తి అంతా దేశానికి పోసి ఉత్త చేతులతో మిగిలిన మనిషికి ఏదో చెయ్యాలని వాళ్ళ తాపత్రయం. ఆయన ఆ డబ్బు తన అవసరాలకి వాడుకున్నారు.

గాంధీగారికి ఇది నచ్చలేదు. ప్రజాసేవలో ఉన్నవాడి చేతికి జనం ఇచ్చింది జనానిదే, దాన్ని సొంతానికి తీసుకోకూడదు అన్నది ఆయన లెక్క. ఆ కారణంగా ప్రకాశం గారు పదవికి దూరంగా ఉండాలని కూడా కోరుకున్నారు. ప్రకాశం గారి వైపు వాదన కూడా కొట్టిపారేసేది కాదు. ఇచ్చినవాళ్ళు పార్టీకి ఇవ్వలేదు, ఆయన పరిస్థితి తెలిసే ఆయనకే ఇచ్చారు. నిజమే. కానీ రేపు అదే మనిషి ప్రధాని కుర్చీలో కూర్చుంటే, నిన్న పర్సు ఇచ్చిన వర్తకుడు పర్మిట్ కోసం వస్తే? ఆ మనిషి ఎంత నిప్పులాంటివాడైనా చూసేవాడికి అనుమానం వస్తుంది. గాంధీగారి లెక్కలో కఠినం ఉంది కానీ ముందుచూపు కూడా ఉంది.

శాసనసభ్యులు మాత్రం ప్రకాశం గారినే ఎన్నుకున్నారు. 1946 ఏప్రిల్ 30న ఆయన మద్రాసు రాష్ట్ర ప్రధాని అయ్యారు. అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే అనేవారు.

కుర్చీలో ఉన్నప్పుడు

ఆ పదకొండు నెలల్లో ఆయన చేసిన రెండు పనులు నేరుగా వ్యాపారానికి తగిలాయి. కొత్త బట్టల మిల్లులు వద్దు, ఉన్నవాటిలో కదుళ్ళు పెంచొద్దు, ఊళ్ళలో ఖద్దరు పెంచుదాం అన్నారు. రేషన్ సరుకులు దళారుల చేతుల్లోంచి తీసి ఉత్పత్తిదారులు, వినియోగదారులు కలిసి నడిపే సహకార సంఘాలకి ఇద్దామన్నారు. మిల్లువాళ్ళకీ, వర్తకులకీ కోపం వచ్చింది. సొంత పార్టీలోనే వ్యతిరేకత పెరిగి 1947 మార్చిలో దిగిపోవాల్సొచ్చింది. ఆ మిల్లుల పాలసీ ఆ తరవాత నిలవలేదు. ఇవాళ గుంటూరు నుంచి చిలకలూరిపేట వైపు వెళ్తే దారిపొడుగునా స్పిన్నింగ్ మిల్లులే కనిపిస్తాయి. మన పత్తి రైతుకి అవి దగ్గర గిరాకీ. కాబట్టి ఆయన చెప్పినదంతా రైటు అనడం లేదు. కానీ ఎవరి లాభం కోసమో ఆయన ఆ నిర్ణయాలు తీసుకోలేదని మాత్రం చెప్పొచ్చు.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు ఆయనే మొదటి ముఖ్యమంత్రి. ఎనభై ఒకటో ఏట. గుంటూరులో హైకోర్టు, తిరుపతిలో వెంకటేశ్వర యూనివర్సిటీ ఆ కాలంలోనే వచ్చాయి. కొత్త రాష్ట్రానికి డబ్బు కటకట. మద్యనిషేధం ఎత్తేస్తే ఖజానాకి ఆదాయం వస్తుంది. ఎత్తెయ్యమని ప్రభుత్వం వేసిన కమిటీయే చెప్పింది. ప్రకాశం గారు ఒప్పుకోలేదు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది.

మూడేళ్ళ తరవాత ఒంగోలు దగ్గర హరిజనవాడలో పర్యటిస్తుండగా వడదెబ్బ తగిలింది. 1957 మే 20న హైదరాబాదు ఆసుపత్రిలో పోయారు. పుట్టినచోటికి దగ్గర్లోనే చివరి ప్రయాణం. వెనక వదిలి వెళ్ళిన ఆస్తి అంటూ ఏమీ లేదు. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకి 1972లో, అంటే ఆయన పుట్టి నూరేళ్ళయిన ఏడాది, ఆయన పేరు పెట్టారు. కృష్ణ మీద బ్యారేజీకి కూడా ఆయన పేరే.

మన సంగతి

వ్యాపారంలో నీతి అనగానే మనకి దొంగలెక్కలు గుర్తొస్తాయి. 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ లెక్కలు బయటపడినప్పుడు లేని డబ్బు ఉన్నట్టు చూపించారని తెలిసింది. అది మోసం, దానికి చట్టం ఉంది, శిక్ష ఉంది. ప్రకాశం గారిది దానికి పూర్తిగా వ్యతిరేకమైన కథ. ఇక్కడ దొంగ ఎవడూ లేడు. అయినా వాటాదారుడికి డబ్బు తిరిగి రాలేదు, సబ్ ఎడిటర్‌కి జీతం రాలేదు. మంచివాడి చేతిలో పోయిన రూపాయి కూడా పోయినట్టే కదా. అందుకే ఈ కథ మనకి ఎక్కువ అవసరం. మనలో దొంగలు తక్కువమంది ఉంటారు. మంచి ఐడియా ఉంది కాబట్టి లెక్క తరవాత చూసుకోవచ్చులే అనుకునేవాళ్ళు మాత్రం ప్రతి బ్రాంచిలోనూ ఉంటారు.

స్టార్టప్‌కి హాస్టల్ ఫ్రెండు పది వేలు ఇస్తాడు. పెదనాన్న పత్తి అమ్మిన డబ్బులో యాభై వేలు ఇస్తాడు. అది అప్పా, వాటానా, ఊరికే ఇచ్చిందా? ఆరోజు అడగడానికి మొహమాటం. పెదనాన్న మనసులో అప్పు, మన మనసులో వాటా అయితే రెండేళ్ళ తరవాత పెళ్ళిళ్ళలో మాటలుండవు. చట్టం కూడా ఈ విషయంలో తేలిగ్గా లేదు. 2013 కంపెనీల చట్టం ప్రకారం ప్రైవేటు కంపెనీ జనంలోకి వెళ్ళి వాటాలు అమ్మకూడదు. విడిగా పిలిచి ఇచ్చినా ఏడాదిలో 200 మందికి మించకూడదు. ప్రకటనల్లోనూ ఇదే సూత్రం. డబ్బు తీసుకుని పొగిడే ఇన్‌ఫ్లుయెన్సర్ అది ప్రకటన అని రాయాలని ప్రకటనల మండలి 2021లో నియమం పెట్టింది. అభిమానంతో చెప్పాడా, డబ్బుకి చెప్పాడా అన్నది వినేవాడికి ముందే తెలియాలి.

జీతం లేకుండా ఆరు నెలలు కోడ్ రాసిన జూనియర్ సంగతి కూడా ఇంతే. అతని నెలలు ఏ పేరు మీద రాసుకున్నారు?

స్వరాజ్య వాటా కొన్న ఒంగోలు ప్లీడరుకి ప్రకాశం గారి మీద కోపం వచ్చి ఉండకపోవచ్చు. దేశానికి ఇచ్చాననుకుని ఊరుకుని ఉంటాడు. మన పెదనాన్నలు అంత తేలిగ్గా ఊరుకోరు, ఊరుకోవాల్సిన పని కూడా లేదు. డబ్బు చేతిలో పడిన రోజే ఒక తెల్లకాగితం తీసి, ఎంత ఇచ్చారు, ఏ పేరు మీద ఇచ్చారు, పోతే ఏమవుతుంది అని మూడు లైన్లు రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. మిర్చి యార్డులో అరగంటలో అయ్యే పనే ఇది.